చెప్తే గుణం పోయే మందు

హారిక మిర్చి బజ్జీ ప్లేటు పక్కకు నెట్టేసిన సాయంత్రం నాకు కంగారు పుట్టలేదు, ఒళ్ళు మండింది. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ కింద బండి దగ్గర జనాన్ని తోసుకుంటూ పోయి తెచ్చింది నేను. ఆమె ఒక్కటి కొరికి, "నూనె వాసనకే కడుపులో తిప్పుతుందే, నువ్వు తినేయ్" అంది. మామూలుగా నా ప్లేటులోవి కూడా తినేసే మనిషి. కొత్తగా డైటింగ్ మొదలుపెట్టి నా మీద ప్రయోగిస్తోందనుకున్నాను. రెండు ప్లేట్లూ నేనే తిన్నాను.

అప్పటికి మేము స్నేహితులం కాదు. ఒకే డిగ్రీ కాలేజీలో బీకాం సెకండియర్, చైతన్యపురిలో ఒకే పీజీ, ఒకే గది. ఆ గదిలో మమ్మల్ని కలిపింది పీజీ ఆంటీ, మా ఇష్టం ఎవరూ అడగలేదు. హారికది తెనాలి దగ్గర. నాది పోచంపల్లి పక్కన పల్లె. తడి టవల్ నా మంచం మీద ఆరేస్తుంది. వాళ్ళమ్మతో ఫోన్ మాట్లాడితే కింది అంతస్తుకు వినిపిస్తుంది. నేను "ఏంది" అన్నప్పుడల్లా వెనక నుంచి "ఏంది" అని అనుకరిస్తుంది. పండుగలకు ఊరెళ్తే ఆమె లేని గది ఎంత బాగుండేదో చెప్పలేను.

మర్నాడు జ్వరం, వాంతులు. పీజీ ఆంటీ గ్యాస్ అని తేల్చేసింది. సందు చివర క్లినిక్‌లో డాక్టర్ వైరల్ ఫీవర్ అని పారాసిటమాల్ రాశారు. పడుకోమంటే పడుకోదు. సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడ్డాయని టాబ్లెట్ వేసుకుని కాలేజీకి బయల్దేరుతుంది, దారిలో వాంతి చేసుకుంటుంది, నేను మొహం కడిగించి వెనక్కి తీసుకొస్తాను. వారం ఇలాగే గడిచింది. ఒకరోజు నడిచే ఓపిక లేదంటే ఒక్క స్టేషన్ కోసం మెట్రో ఎక్కుదామని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాం. ఎండ పడుతోంది. ఆమె నా వైపు తిరిగి ఏదో అడిగింది. కళ్ళల్లో తెల్లగా ఉండాల్సిన చోటంతా పచ్చగా ఉంది. నేను జవాబు చెప్పకుండా చెయ్యి పట్టుకుని ఎదురు ప్లాట్‌ఫారానికి తీసుకెళ్ళి ఎల్బీ నగర్ వెళ్ళే రైలు ఎక్కించాను.

అక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గ్యాస్ట్రో డాక్టర్ చూశారు. నెమ్మదిగా మాట్లాడే పెద్దాయన. లివర్ పనితీరు చూసే ఎల్ఎఫ్‌టీ, ఇంకేవో రక్త పరీక్షలు చేయించారు. రిపోర్టులు చూసి, కళ్ళను పచ్చబరిచే బిలిరుబిన్ బాగా ఎక్కువగా ఉందని చెప్పి, "హెపటైటిస్ ఏ. నీళ్ళ వల్లో బయటి తిండి వల్లో వచ్చి ఉంటుంది. మీ వయసులో దాదాపు అందరికీ దానంతటదే తగ్గుతుంది. రెస్ట్ తీసుకోండి, తినగలిగింది తినండి, చేతులు బాగా కడుక్కోండి. నేను రాయని మందు ఏదీ వద్దు. పారాసిటమాల్ కూడా నన్ను అడక్కుండా వద్దు. ఆకు మందులు, పసర్లు అసలు వద్దు" అన్నారు.

మందు రాయని డాక్టర్‌ని మనవాళ్ళు డాక్టర్‌గా లెక్కపెట్టరు. పీజీకి తిరిగొచ్చిన గంటలో మా అంతస్తులో వైద్యులు తయారయ్యారు. ఉప్పు మానెయ్యాలని ఒకరు, చెరకు రసమే తాగాలని ఒకరు, మణికట్టు దగ్గర చురక పెట్టించాలని ఒకరు. చురక పెట్టే మనిషి ఫోన్ నంబర్ కూడా ఇచ్చింది ఆ మహాతల్లి. ఇది వైరస్ అని, లివర్‌కి వచ్చిన జబ్బని, చెయ్యి కాలిస్తే లివర్‌కి తెలియదని చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. హారిక మాత్రం అందరికీ తల ఊపి "అలాగేనండి, తప్పకుండా" అనేది. ఎవరికీ కాదని చెప్పలేకపోవడం ఆమె స్వభావం. ఆ స్వభావమే చివరికి మా పీకల మీదికి తెచ్చింది.

పీజీ ఆంటీ ప్లేటు, గ్లాసు వేరు చేసింది. అందులో తప్పు లేదు, డాక్టర్ కూడా జాగ్రత్తలు చెప్పారు. కానీ మెట్ల మీద నిలబడి, "తగ్గేదాంక ఇంటికి తోలెయ్యి, నా పిల్లలకు అంటితే ఎవరు జవాబు చెప్తరు?" అని వీధికంతా వినిపించేలా అడగడం తప్పు. నేను దిగి వెళ్ళి గొడవపడ్డాను. గొడవపడుతూనే నాకెందుకొచ్చిన తద్దినమిది అనుకున్నాను.

ఇంటికి పొమ్మంటే హారిక పోదు. వాళ్ళ నాన్నకు ఆమె హైదరాబాద్‌లో చదవడం మొదటి నుంచీ ఇష్టం లేదట. ఈ జబ్బు సంగతి తెలిస్తే సామాను సర్దించి తెనాలిలోనే కాలేజీలో చేరుస్తారట. అందుకని ఇంట్లో మామూలు జ్వరమని చెప్పింది. "రెండు రోజులు సెలవులొస్తున్నాయి కదా, ఆదివారం కూడా కలుస్తుంది. మీ ఊరు తీసుకెళ్ళు. ఆంటీ చల్లబడుతుంది" అంది. నా ఊరు తన మేనత్త ఊరన్నట్టు అడిగింది. తీసుకెళ్ళక తప్పలేదు.

ఇక్కడ మా నాయనమ్మ గురించి చెప్పాలి. ఆమె పేరు అండాలమ్మ. మా ఇంట్లో మగ్గం ఆగి చాలాకాలమైంది, నాన్న చీరల వ్యాపారంలోకి వెళ్ళాడు, కానీ నాయనమ్మ పని ఒకటి ఆగలేదు. ఆమె కామెర్లకు మందు ఇస్తుంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వస్తారు. ఆ మందు ఆమెకు వాళ్ళ అత్త చెప్పింది, ఆమెకు ఆమె అత్త. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోదు. పొద్దు పొడవక ముందు మజ్జిగతో మింగిస్తుంది. ఒకటే కట్టుబాటు. తీసుకున్నవాళ్ళు తీసుకున్నామని ఎవరికీ చెప్పకూడదు, చెప్తే గుణం పోతుంది. అందులో ఏముందో ఇచ్చే మనిషి బయటపెడితే ఆ చేతి మందు ఇక ఎవరికీ పనిచేయదు. కోడలికి ఒక్కదానికే చెప్పొచ్చు. మా అమ్మకు వీటి మీద నమ్మకం లేక నేర్చుకోలేదు.

ఇవన్నీ తెలుసు కాబట్టే గడప దాటక ముందే నాయనమ్మను పక్కకు పిలిచి, డాక్టర్ వద్దన్నాడు, హారికకు నీ మందు ఇవ్వొద్దు అని గట్టిగా చెప్పాను. "నేనెందుకిస్త బిడ్డా, నీ దోస్తు నీ ఇష్టం" అంది. నా జీవితంలో ఆమె అంత సులువుగా ఒప్పుకున్నది అదే మొదటిసారి.

ఆ మూడు రోజులు హారిక మా ఇంట్లో మహారాణిలా ఉంది. నాయనమ్మ ఆమెకు మెత్తగా అన్నం కలిపి తినిపించింది. తలకు నూనె రాసింది. పాత మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని హారిక ఒక్కొక్క భాగం పేరూ అడుగుతుంటే, నాకెన్నడూ చెప్పని కథలు చెప్పింది. నాకు కొంచెం కుళ్ళుగానే ఉండింది. అయినా ఆ పచ్చ కళ్ళతో ఆమె నవ్వుతుంటే బాగుందనిపించింది.

తిరిగొచ్చాక నాలుగైదు రోజులు నిజంగానే తేలికపడింది. ఇడ్లీ తింది. పడుకుని నాకు కాస్టింగ్ లెక్కలు చెప్పింది, ఆ సబ్జెక్టు నాకు కొరకరాని కొయ్య. నేను ఆమెకు జడ వేసేదాన్ని. "నీకు లెక్క అర్థమయ్యేదాకా నా బిలిరుబిన్ తగ్గేలా లేదే" అని నవ్వేది. తడి టవల్ ఇంకా నా మంచం మీదే ఉండేది, కానీ నేను తిట్టడం మానేశాను. తీసి ఆరేయడం అలవాటైపోయింది.

తర్వాత అంతా తలకిందులైంది. ఒళ్ళంతా దురద, గోళ్ళతో గీరి గీరి చేతులు ఎర్రబడ్డాయి. అన్నం చూస్తే ఓకరింపు. పగలంతా నిద్ర. లేపితే "ఆఁ" అని మళ్ళీ కళ్ళు మూసుకునేది. ఆసుపత్రికి తీసుకెళ్తే బిలిరుబిన్ మొదటిసారి కంటే రెట్టింపైంది, ఐఎన్ఆర్ పెరిగింది. రక్తం గడ్డకట్టడం నెమ్మదించిందని దానర్థం. డాక్టర్ వెంటనే అడ్మిట్ చేశారు. నేను హారిక ఫోన్ లాక్కుని వాళ్ళమ్మకు నిజం చెప్పాను. మర్నాటికల్లా వాళ్ళమ్మ వచ్చింది, ఆమెనూ నేను ఆంటీ అనే పిలుస్తాను. వచ్చీ రాగానే నన్నే నిలదీసింది, ఇన్నాళ్ళు ఎందుకు దాచావని. దాచింది మీ కూతురండీ అని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

డాక్టర్ హారిక మంచం పక్కన కూర్చుని అడిగారు. "బయటి మందు ఏమైనా తీసుకున్నావా అమ్మా? నిజం చెప్పు, నేను తిట్టను." హారిక లేదన్నట్టు తల ఊపింది. మర్నాడు మళ్ళీ అడిగారు. మళ్ళీ లేదంది. ఆంటీ దేవుడి మీద ఒట్టేసి మా ఇంట్లో అలాంటివి వాడమండీ అంది. నేనూ లేదనే చెప్పాను, నాకు తెలిసింది అంతే.

ఆ తర్వాత రోజుల్లో నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ విసుగే. పొద్దున రక్తం తీస్తే మధ్యాహ్నం రిపోర్టు, ఐఎన్ఆర్ ఇంకొంచెం ఎక్కువ. ఆటోఇమ్యూన్ జబ్బు ఉందేమోనని పరీక్షలు. లివర్‌లో రాగి పేరుకునే జబ్బు ఉందేమోనని పరీక్షలు. కౌంటర్‌లో అడిగితే ల్యాబ్ అంటారు, ల్యాబ్‌లో అడిగితే కౌంటర్ అంటారు. ఆంటీకి లిఫ్ట్ అంటే భయం, ప్రతిసారీ ఆమెతో మెట్లెక్కాలి. పీజీ ఆంటీ ఫోన్ చేసి బెడ్ ఖాళీ చేస్తరా లేదా అని. వీటి మధ్య నా పరీక్షలు.

ఒక మధ్యాహ్నం డాక్టర్ ఆంటీని, నన్ను గదిలోకి పిలిచారు. "హెపటైటిస్ ఏ ఈ పాటికి తగ్గాలి. ఇది పెరుగుతోంది. మేమేదో మిస్ అవుతున్నాం. రెండు రోజులు చూస్తాం. మగత ఇంకా ఎక్కువైతే లివర్ ట్రాన్స్‌ప్లాంట్ ఉన్న సెంటర్‌కి పంపాలి. కారణం తెలియకుండా పంపడం నాకు ఇష్టం లేదు, కానీ తప్పదు." నా కూతురికి పందొమ్మిదేళ్ళండీ అని మాత్రం అంది ఆంటీ. ఆమెను హారిక పక్క మంచం మీద పడుకోబెట్టి నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఎవర్నైనా కొట్టాలనిపించింది.

అప్పుడే నాయనమ్మ ఫోన్. హారిక ఎలా ఉందని అడిగి, నేను చెప్పేలోపే, "ఉండలు ఒడిసినయా బిడ్డా? ఒడిస్తే చెప్పు, మీ నాయినతోని ఇంకిన్ని పంపుత" అంది.

"ఏ ఉండలు నాయనమ్మా?"

"ఏం లేదు తియ్యి" అని పెట్టేసింది.

నేను మెట్లన్నీ ఎలా ఎక్కానో తెలియదు. హారికను భుజాలు పట్టి లేపాను. ఎక్కడ పెట్టావని అడిగాను. ఆమె నా మొహం చూసి ఇంకేమీ అడగలేదు. దిండు కింది నుంచి మొహానికి రాసుకునే క్రీము డబ్బా తీసింది. లోపల కాగితంలో చుట్టిన నల్లటి ఉండలు, శనగ గింజంత. మా ఊళ్ళో నేను నిద్రలో ఉండగా నాయనమ్మ మొదటిది మింగించి, మిగతావి చేతిలో పెట్టి పంపిందట. ఆసుపత్రిలో చేరాక కూడా రోజూ పొద్దున్నే బాత్రూంలోకి వెళ్ళి మింగుతూనే ఉంది.

"డాక్టర్ రెండుసార్లు అడిగిండు గదనే. ఎందుకు చెప్పలే?"

"చెప్తే పనిచెయ్యదన్నారు. మధ్యలో ఆపితే తిరగబెడుతుందన్నారు" అంది. మాట ముద్దగా వస్తోంది. "నా చేతులు పట్టుకుని మాట తీసుకున్నారే మీ నానమ్మగారు. అన్నం తినిపించారు. నేను చెప్తే నువ్వు ఆవిణ్ణి తిడతావు."

నాకు ఆమె మీద వచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదు. ఆ కోపంలోనే ఈ పిల్ల లేకపోతే నేను ఉండలేనని కూడా తెలిసింది. రెండూ ఒకేసారి తెలియడం చాలా చిరాకైన విషయం.

డబ్బా తీసుకెళ్ళి డాక్టర్ బల్ల మీద పెట్టాను. ఆయన తిట్టలేదు. ఒకటి వాసన చూసి, "ముందు ఇది ఆపేశాం, అది చాలా పెద్ద విషయం. ఇందులో ఏముందో తెలిస్తే ఇంకా మంచిది. ఆకులేనా, భస్మం లాంటిదేమైనా కలిపారా? లోహాలుంటే ట్రీట్‌మెంట్ వేరే" అన్నారు. నాయనమ్మకు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాను. ఉండల్లో ఏమేం కలుపుతావో చెప్పు, డాక్టర్ సారు వింటున్నాడు అన్నాను.

"అట్ల చెప్పొద్దు బిడ్డా. చెప్తే మందుకు గుణం పోతది."

"పోవాలె నాయనమ్మా. అది పోవాలనే అడుగుతున్న."

"పిల్లకు గంత అయిందా?" అని అడిగింది.

"అయింది."

చెప్పడం మొదలుపెట్టింది. మూడు ఆకులు, ఒక వేరు, మిరియాలు. చివరగా, ఊరికి వచ్చే మందులాయన దగ్గర కొనే ఎర్రటి పొడి, చిటికెడు. ఆ పొడేమిటో ఆమెకూ తెలియదు. అత్త కలిపేది కాబట్టి తనూ కలుపుతోంది. ఆకుల పేర్లు నేనిక్కడ రాయను. రాస్తే రేపు ఎవరో ఒకరు నూరుకుని తాగుతారు, మనవాళ్ళ సంగతి నాకు తెలుసు. డాక్టర్ అన్నీ రాసుకుని, "థాంక్స్ అమ్మా" అన్నారు. నాయనమ్మ ఫోన్ పెట్టేసింది.

ఆ పొడి కోసం లోహాల పరీక్ష చేయించారు. మందులు మార్చారు. లివర్‌లో చిన్న ముక్క తీసి చూడాలనుకున్న బయాప్సీ ఆపారు. రెండు రోజులు ఐఎన్ఆర్ కదలలేదు. మూడో రోజు కొద్దిగా దిగింది. ఆ కాగితం పట్టుకుని నేను కారిడార్‌లో అప్పుడు ఏడ్చాను. ట్రాన్స్‌ప్లాంట్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఉండల వల్లే ఇంత అయిందా అని ఆంటీ అడిగితే, డాక్టర్ నూటికి నూరు పాళ్ళు అని చెప్పలేనన్నారు. "జబ్బుతో ఉన్న లివర్ మీద ఇంకో బరువు పెట్టారు. అది తీసేశాక కోలుకుంటోంది. అంతవరకు చెప్పగలను."

నాయనమ్మ నాన్నతో కలిసి ఆసుపత్రికి వచ్చింది. హారిక మంచం చివర నిలబడింది. "నా మాట ఇంక నీ మీద లేదు బిడ్డా. ఏమడిగినా సారుకు చెప్పు" అంది. హారిక ఆమెను కూర్చోమంది. ఆంటీ మాత్రం మొహం తిప్పుకుని కిటికీ వైపే చూసింది. ఆ కోపం న్యాయమే. నేను రాజీ చేయాలని చూడలేదు.

డిశ్చార్జ్ అయ్యాక హారికను తెనాలి తీసుకెళ్ళారు. పచ్చదనం పూర్తిగా పోవడానికి రెండు నెలల పైనే పట్టింది. దురద అన్నిటికంటే చివర పోయింది. ఆ సెమిస్టర్ పరీక్షలు ఆమె రాయలేదు. నేను రాసి కాస్టింగ్ పోగొట్టుకున్నాను, లెక్కలు చెప్పేవాళ్ళు లేక. వాళ్ళ నాన్న అక్కడే కాలేజీలో చేరుస్తానంటే ఈసారి వద్దన్నది ఆంటీ. "దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి అక్కడుంది" అందట. ఆ మాట నాతో నేరుగా ఇప్పటిదాకా అనలేదు.

ఇప్పుడు ఇద్దరం ఫైనలియర్. పీజీ మారాం, మన్సూరాబాద్‌లో చిన్న వాటా తీసుకుని వండుకుంటున్నాం. నీళ్ళు కాచి తాగుతున్నాం. హారిక ఎల్ఎఫ్‌టీ నార్మల్. ఎవరు ఏం చెప్పినా "అలాగేనండి" అనడం మానలేదు, కాకపోతే ఆ తర్వాత వచ్చి నాకు చెప్తోంది. మా బ్యాక్‌లాగ్‌లు ఇద్దరం కలిసే క్లియర్ చేశాం.

మా ఇంటికి ఇప్పటికీ కామెర్లతో మనుషులు వస్తారు. నాయనమ్మ వాళ్ళను కూర్చోబెట్టి నీళ్ళిచ్చి, "నా చేతి మందు పోయింది, దవాఖానకు పోండ్రి" అంటుంది. ఎలా పోయిందని అడిగితే చెప్పదు. నాతో మాత్రం ఒకసారి అంది, మా అత్తకు ఏం జవాబు చెప్పాల్నో అని. ఆమె జీవితమంతా మంచిపని అనుకుని చేసిన పని అది.

రోగిని చూసుకుంటున్నవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. బయటి మందు వాడారా అని డాక్టర్ రోగిని అడిగితే, ఆ జవాబుతో మీరు ఊరుకోకండి. ఆ రోగికి అన్నం పెట్టినవాళ్ళను, తలకు నూనె రాసినవాళ్ళను, ప్రేమగా చూసుకున్నవాళ్ళందరినీ ఒక్కొక్కరినీ విడిగా అడగండి. మా హారిక డాక్టర్‌కు అబద్ధం చెప్పింది తెలివి లేక కాదు, భయపడీ కాదు. ఒక ముసలామె పెట్టిన అన్నానికి మర్యాద ఇచ్చింది. ఆ మర్యాదకే పిల్ల చచ్చిపోయేది.